రెండో డ్రైవర్

"నువ్వు ఇంట్లోనే ఉంటావు కదా మంజూ, ఆ ఫారమేందో నింపెయ్యి" అని మా ఆయన ప్రసాద్ అన్నప్పుడు నేను మూడో దోసె తిప్పుతున్నాను. దోసె ఆయన ప్లేట్లో వేసి, చేయి కొంగుకు తుడుచుకుని, ఫోన్లో ఫారం తెరిచాను. కోయంబత్తూరులో రేసుల ట్రాకు ఉంది. ఏడాదికి కొన్ని రోజులు మామూలు జనాన్ని కూడా వాళ్ల సొంత కార్లు తెచ్చుకుని అక్కడ తోలుకోనిస్తారు. పోటీ లేదు, కప్పు లేదు, ఎదురుగా లారీ రాదు, అంతే. డ్రైవర్ పేరు: రాఘవేంద్రప్రసాద్. అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి: మంజుశ్రీ. సంబంధం: భార్య. దాని కింద రెండో డ్రైవర్ అని ఇంకో గడి ఉంది. ఒకే కారును ఇద్దరు వంతుల వారీగా తోలుకోవచ్చట. నా వేలు అక్కడ ఆగింది. "దాంట్లో గీత పెట్టెయ్" అన్నాడాయన, చట్నీ గిన్నె దగ్గరికి లాక్కుంటూ. పెట్టాను. శనివారం సాయంత్రం ఆరు దాకా మార్పులు చేసుకోవచ్చని అడుగున చిన్న అక్షరాల్లో ఉంది. ఆ గడిలో నా పేరు ఉండాలని ఎంత ఆశ పుట్టిందంటే, పెనం మీద నాలుగో దోసె మాడిపోయింది.

ఆ కారు గురించి చెప్పాలి. ప్రొద్దుటూరులో మాకు బంగారం అంగడి. పోయిన ఏడాది ఆయన బెంగళూరు నుంచి సెకండ్ హ్యాండులో తెచ్చాడు దాన్ని. ఎర్రది, నేలకు ఆనుకున్నట్టుంటుంది, రెండే సీట్లు. ఒకటి ఆయనది, రెండోది ఆయన స్నేహితుల్లో ఆ రోజు ఎవరు ఖాళీగా ఉంటే వాళ్లది. పిల్లల్ని బడికి, అత్తమ్మను డాక్టరు దగ్గరికి, క్యారియర్లను అంగడికి మోసే పాత కారు నాది. "దీన్ని మాత్రం ముట్టొద్దు, క్లచ్చు కాల్చి పెడతావు" అని మొదటి రోజే చెప్పాడు. ముట్టకూడదు గానీ దాని చాకిరీ అంతా నాదే. రోడ్డు మీద తిరిగే కారు ట్రాకు మీదికి పోవాలంటే ఏమేం చేయాలో, మధ్యాహ్నం అందరూ కునుకు తీసేటప్పుడు కూర్చుని చదివింది నేను. ఎంత వేడెక్కినా మరగని బ్రేకు ఆయిలు, గట్టి రకం బ్రేకు ప్యాడ్లు తెప్పించింది నేను. లోపల కదిలేది ఏదీ ఉండకూడదంటే స్టెప్నీ, జాకీ, మ్యాట్లు, ఆఖరికి డాష్‌బోర్డు మీది వినాయకుణ్ణి కూడా తీసి అట్టపెట్టెలో సర్దింది నేను. పెళ్లికూతురికి ఒక్కొక్కటీ పెట్టి బరువు చేస్తాం, ట్రాకుకు పోయే కారుకు ఒక్కొక్కటీ తీసి తేలిక చేస్తారు. నాకా పద్ధతి భలే నచ్చింది. ఈ విద్య నాకు మరీ కొత్త కూడా కాదు. పులివెందులలో మా నాయనకు ట్రాక్టరు స్పేర్ పార్టుల అంగడి ఉండేది. ఎక్కాల కంటే ముందు నాకు బేరింగు నంబర్లు వచ్చాయి. ట్రాకు మీద ప్యాడ్లు ఒక్కరోజులో అరిగిపోవచ్చని చదివి రెండు సెట్లు తెప్పిస్తే, "ఒకటి చాలదా? నీకు ప్రతిదీ రెండు కావాల" అని ఆయన గొణిగాడు.

బుధవారం ఆయుధ పూజ. అంగట్లో త్రాసులకు, ఇనప్పెట్టెకు బొట్లు పెట్టడం మా అత్తమ్మ సుగుణమ్మ పని. ఇనుము మీద పొడి కుంకుమ నిలవదని అమ్మవారిశాల గుడి కుంకుమను నువ్వుల నూనెలో కలిపి పెడుతుంది. నలభై ఏళ్ల అలవాటు. బండ్లకు పెట్టడం నా పని. బోనెట్‌కు, టైర్లకు బొట్లు పెట్టి, టైర్ల కింద నిమ్మకాయలుంచి, నేను వంటింట్లోకి పోయాను. ఇరవై మందికి పులిహోర ఎవరు కలుపుతారు మరి? ఈలోగా అత్తమ్మ అంగడి నుంచి వచ్చి ఎర్ర కారు ముందు నిలబడింది. చక్రాల కమ్మీల వెనక, కొత్త ప్యాడ్లు వేసేటప్పుడు రుద్ది శుభ్రం చేసిన బ్రేకు డిస్కులు వెండి పళ్లేల్లా మెరుస్తున్నాయి. వెండి బంగారాల మధ్య బతికిన మనిషి. అంత మంచి పళ్లేలను బోసిగా వదిలేస్తుందా? సందుల్లోంచి చేయి దూర్చి, నాలుగింటికీ నిండుగా నూనె కుంకుమ పూసింది.

గురువారం సాయంత్రం ప్రసాద్ జమ్మలమడుగు రోడ్డు మీద బ్రేకు తొక్కితే కారు ఆగలేదు. ఒక పక్కకు లాగి, జారి, గడ్డి మోపుల ట్రాక్టరుకు జానెడు దూరంలో నిలిచిందట. పాలిపోయిన ముఖంతో ఇంటికొచ్చాడు.

"డిస్కులకు నూనె పూసింది ఎవరు? ఇంట్లో ఉండి ఏం చూస్తాండావు నువ్వు?"

"నేనేరా పూసింది" అంది అత్తమ్మ. "పూజ చేసేది గూడా తప్పేనా?"

తల్లి అని తెలియగానే ఆయన గొంతు దిగింది, నా మీది చూపు మాత్రం దిగలేదు. "అమ్మకు తెలీదు. నీకు తెలుసు కదా? చెప్పాల్సింది నువ్వే."

నూనె తాగిన ప్యాడ్లు ఇక పనికిరావు. మళ్లీ తెప్పించాలంటే పది రోజులు పడుతుంది, ట్రాకు రోజేమో వచ్చే వారమే. నేను బీరువా కింది నుంచి రెండో సెట్టు డబ్బా తెచ్చి బల్ల మీద పెట్టాను. తను గొణిగిన మాట ఆయనకు గుర్తొచ్చే ఉంటుంది. గ్లాసెడు నీళ్లు తాగాడు.

శుక్రవారం అంగట్లో పెళ్లి గిరాకీ. అందుకని కారును లారీ ఎక్కించి జమ్మలమడుగులో అజ్మతుల్లా షెడ్డుకు వెంట పోయింది నేనే, చేతిలో క్యారియర్‌తో. అజ్మతుల్లా మామ ఒకప్పుడు మా నాయన దగ్గర సామాన్లు కొన్న మెకానిక్కు. నన్ను ఇప్పటికీ పాపా అనే పిలుస్తాడు.

"మోకాలు వంగల్యా పాపా. నేను చెప్తా, నువ్వు ఇప్పు" అన్నాడు.

కొంగు బిగించి కూర్చున్నాను. చక్రాలు ఇప్పాను, పాత ప్యాడ్లు లాగేశాను, డిస్కుల మీద నూనె వదిలించే మందు చల్లి తుడిచాను. తుడిచిన గుడ్డ ఎర్రగా అయింది. పారేయబోతే మామ నా చేతిలోంచి తీసుకుని, "అమ్మవారి కుంకుమ, కాళ్ల కింద పడకూడదు" అని మడిచి గూట్లో పెట్టాడు. కొత్త ప్యాడ్లు వాటి చోట్లో కూర్చున్నప్పుడు వచ్చిన చిన్న చప్పుడు నా గుండెలో వినిపించింది. నాలుగు చక్రాలూ బిగించేసరికి ఒంటిగంట దాటింది. క్యారియర్ ఎవరూ విప్పలేదు.

"ఇప్పుడు వీటిని కాల్చాల" అన్నాడు మామ. "తొంభైలో పోయి ఇరవైకి దించు. నిలపొద్దు. అట్ల పది తూర్లు. నా కాలు క్లచ్చు తొక్కదు. నువ్వే తోలాల."

"ఆయన ముట్టొద్దన్నాడు మామా."

"చక్రాలిప్పినావు, బ్రేకులేసినావు. ఇంకా ముట్టుకోనిది ఏముంది పాపా దాంట్లో?"

కొత్త పెనాన్ని దోసెకు అలవాటు చేసినట్టే ఈ పని కూడా. కాల్చాలి, కాస్త చల్లారనివ్వాలి, మళ్లీ కాల్చాలి. అంతవరకు నాకు తెలుసు. సీట్లో కూర్చుంటే నేల ఇంత దగ్గరగా ఉంటుందని, తాళం తిప్పితే వెన్నుపూసలోంచి ఒక వణుకు పాకుతుందని తెలియదు. ముద్దనూరు దాటాక రోడ్డు ఖాళీ. రెండు పక్కలా శనగ విత్తడానికి దున్నిన నల్లరేగడి, పైన మండే ఎండ. తొంభై వచ్చింది. బ్రేకు నొక్కాను.

"సగమే నొక్కినావు" అన్నాడు మామ. "భయపడి నొక్కితే ప్యాడు గాజు మాదిరి నున్నగయితాది, పట్టదు. మొత్తం నొక్కు."

పద్నాలుగేళ్లుగా ఆ ఇంట్లో నేను మొత్తం చేసిన పని ఒక్కటి లేదు. సగం నవ్వు, సగం మాట, మిగిలితే సగం అన్నం. రెండోసారి కాలు పూర్తిగా దించాను. కారు ముక్కు వంచి నేలను పట్టుకుంది. బెల్టు నన్ను పట్టుకుంది. పొలాలన్నీ ఒక్కసారిగా నెమ్మదించాయి. అంత బరువు, అంత వేగం, నా పాదం అడిగిందని వినింది! ఎందుకు అని అడగలేదు, ఎవరిని అడిగి చేశావు అనలేదు. ఎంత కావాలంటే అంత ఆగింది. మళ్లీ తొంభై, మళ్లీ ఇరవై. ఐదోసారికి కాలిన వాసన వచ్చింది. ఏడోసారికి నా నోట్లోంచి ఏదో కేక వచ్చింది, నేను నవ్వుతున్నానని తర్వాత తెలిసింది. ఇంత పెద్ద సంతోషం మా వాకిట్లోనే, గుడ్డ కప్పుకుని, ఏడాదిగా నిలబడి ఉందే అని ఆశ్చర్యపోయాను. పదోసారి అయ్యాక మామ తల ఊపాడు.

"ఇప్పుడు యాడా నిలపొద్దు. వేడి మీద నిలిపితే ప్యాడు డిస్కుకు అంటుకుంటాది. మెల్లగా పోతా ఉండు, గాలికి చల్లబడనీ."

చీనీ బత్తాయి తోటల మధ్య నుంచి పులివెందుల దాకా బ్రేకు ముట్టకుండా పోయాను. ఊరి మొదట్లో మా నాయన అంగడి ఉన్న చోట ఇప్పుడు సెల్‌ఫోన్లు అమ్ముతున్నారు. ఎప్పుడొచ్చినా అక్కడ ఆగి, నిలబడి, ఏడ్చి పోతాను. ఈసారి ఆగకూడదు. "నాయనా, నేనే తోలుతున్నా" అని గట్టిగా అని ముందుకు పోయాను. మామ కిటికీలోంచి బయటికి చూస్తున్నాడు. రింగు రోడ్డు మీద తిప్పుకుని వెనక్కి షెడ్డుకు వచ్చాం. కారు మళ్లీ లారీ ఎక్కి ఇల్లు చేరింది.

శనివారం సాయంత్రం ప్రసాద్ కారు తీసుకుని ఎర్రగుంట్ల దాకా పోయి వచ్చాడు. ముఖం వెలిగిపోతోంది. సోఫాలో కూర్చుని అజ్మతుల్లాకు స్పీకరులో ఫోన్ చేశాడు. "ఏం పని చేసినావు మామా! శానా బాగా పడుతాండాయి బ్రేకులు."

"నేను స్టూలు మీద కూర్చోని చెప్పినానంతే ప్రసాదూ" అంది ఫోను. "చేసింది పాప. తోలింది గూడా పాపే."

ఆయన ఫోన్ పెట్టేసి నావైపు చూశాడు. నేను కాఫీ కప్పు పట్టుకుని నిలబడి ఉన్నాను. ఎలా తోలావు అంటాడని ఒక్క క్షణం, ఒట్టు, ఆశపడ్డాను.

"నువ్వు తోలినావా? మనోళ్లు ఎవరన్నా చూసినారా?"

"పులివెందుల దాకా చూశారు" అన్నాను.

అత్తమ్మ పత్తి వత్తులు చేస్తూ తల ఎత్తకుండా, "ఎంత స్పీడు పోయినావు?" అని అడిగింది. తొంభై అన్నాను. "అబ్బ!" అని ఇంకో వత్తి చుట్టింది.

గోడ గడియారం ఆరుకు పది తక్కువ చూపిస్తోంది. కాఫీ ఆయన ముందు పెట్టి, ఎదురుగానే కూర్చుని ఫోన్లో ఫారం తెరిచాను. ఏం చేస్తాండావని ఆయన అడుగుతూనే ఉన్నాడు. రెండో డ్రైవర్ గడిలోని గీత చెరిపి మంజుశ్రీ అని రాశాను. రాయగానే ఆ పేరు కింద కొత్తగా ఇంకో రెండు గడులు తెరుచుకున్నాయి. వాటినీ నింపాను.

అత్యవసరమైతే ఎవరికి ఫోన్ చేయాలి: రాఘవేంద్రప్రసాద్. సంబంధం: భర్త. ఇంట్లోనే ఉంటారు.