దుర్గకు సగమే అందిన కబురు

ఈశ్వరి అన్న ఎల్లాజీకి పుట్టు చెవుడు. అతనితో ఆడుకుంటూ పెరిగింది కాబట్టి ఆమెకు మాటలూ సైగలూ ఒకేసారి వచ్చాయి. పెళ్లై అరసవల్లి వచ్చాక అదే ఉద్యోగమైంది. చెవులు వినపడనివాళ్లు ఆస్పత్రికి వెళ్తే, ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని, డాక్టరు మాటల్ని వీడియోలో వాళ్లకు సైగల్లో చెప్పేది. వాళ్ల సైగల్ని డాక్టరుకు మాటల్లో చెప్పేది.

ఆమె భర్త మోహనకృష్ణ వరసకు బావే. పక్క బల్ల దగ్గర ఇళ్ల ప్లాన్లు గీస్తాడు. కరెంటు పోయినా తన కంప్యూటర్ కాసేపు నడిచేలా ఎప్పుడో చిన్న యూపీఎస్ కొన్నాడు. ఈశ్వరికి కంప్యూటర్ వచ్చాక దాన్నీ అందులోనే పెట్టాడు, ఆ తర్వాత ప్రింటర్‌నీ పెట్టాడు. యూపీఎస్ మీద లైటు వెలుగుతోంది కదా అని ఇద్దరూ ఊరుకున్నారు.

ఆ ఉదయం తెర మీద దుర్గ ఉంది. భావనపాడులో చేపలమ్ముకునే మనిషి, వినపడదు, చదువూ రాదు. రొమ్ములో గడ్డలా తగులుతోందని పరీక్ష చేయించుకుంది. డాక్టరు రిపోర్టు చూసి, గడ్డ ఉంది గానీ అది ప్రమాదమైనది కాదు, అప్పుడప్పుడూ చూపించుకుంటే చాలన్నారు. ఈశ్వరి చేతులు ‘గడ్డ ఉంది’ అని చెప్పాయో లేదో, కరెంటు పోయింది. అదే క్షణాన మోహనకృష్ణ ప్లాను ప్రింటు తీస్తున్నాడు. అంత బరువు మోయలేక యూపీఎస్ ఒక్క కూత పెట్టి ఆరిపోయింది. దాంతో రెండు కంప్యూటర్లూ ఆగిపోయాయి.

ఈశ్వరి ఫోన్లో ఆస్పత్రి నర్సును పట్టుకునేసరికి దుర్గ ఏడుస్తూ వెళ్లిపోయిందట, ఆపబోయినా ఆగలేదట. దుర్గకు వీడియో కాల్ చేస్తే ఎత్తలేదు. కరెంటు వచ్చాక మళ్లీ చేద్దువులే అన్నాడు మోహనకృష్ణ.

“సగమే తెలిసింది బావా ఆవిడికి. మిగతా సగం తనే ఊహించుకుంటాది. బండి తియ్యి, భావనపాడు ఎల్దాం.”

అతను బండి తీశాడు.

ఒడ్డున అడుగుతూ వెళ్తే, ఎండబెట్టిన చేపల దగ్గర ఒంటరిగా కూర్చుని కనిపించింది దుర్గ. మొగుడు గంగులుకు ఇంకా ఏమీ చెప్పలేదు. తెర మీద మొహం తప్ప ఎరగని మనిషి ఎదురుగా నిలబడితే ముందు గుర్తుపట్టలేదు. ఈశ్వరి చేతులు కదిలాకే పోల్చుకుంది. ఉదయం ఆగిన చోటు నుంచే ఈశ్వరి అందుకుంది. ప్రమాదం లేదు. డాక్టరే అన్నారు.

దుర్గ నమ్మలేదు. మళ్లీ చెప్పించుకుంది, ఇంకోసారీ చెప్పించుకుంది. నమ్మకం కుదిరాక చెంగుతో మొహం తుడుచుకుని ఒక సంగతి అడిగింది. ఆ కబురు చెప్పలేక నువ్వే తెర ఆర్పేసుకున్నావనుకున్నాను, కాదా?

కాదని తల అడ్డంగా ఊపి, కరెంటు పోయిందని సైగ చేసింది ఈశ్వరి. దుర్గ అడిగింది మోహనకృష్ణకు తిరుగుదారిలో సగం దూరం వచ్చాక చెప్పింది.

మర్నాడు ఇద్దరూ కొత్త యూపీఎస్ కోసం షాపుకు వెళ్లారు. ఇంట్లో ఉన్నవన్నీ మోసేలా అన్నిటికన్నా పెద్దది ఇమ్మన్నాడు మోహనకృష్ణ. ఈశ్వరి అతని చెయ్యి పట్టుకుంది.

“పెద్దదా, సిన్నదా అని కాదు బావా. కరెంటు పోతే ఏది ఆగకూడదో ముందు అది సెప్పు.”

మోహనకృష్ణ ఆమె వైపు తిరిగాడు.

“నా ప్లాను సేవ్ సేసుకుంటే నాకు సాలు. నీ మాట ఆగకూడదు.”

అక్కడి నుంచి లెక్క సులువైంది. ఈశ్వరి కంప్యూటర్, తెర, వాటితోపాటు వైఫై డబ్బా. అది ఆరిపోతే తెర వెలిగినా ఉపయోగం లేదని ఆమెకే తట్టింది. ఈ మూడూ ఎంత కరెంటు లాగుతాయో కూడుకున్నారు. డాక్టరుతో మాట్లాడే సమయం చూసుకుని, రోజులు గడిచేకొద్దీ బ్యాటరీ నీరసిస్తుంది కాబట్టి ఆ సమయానికి రెట్టింపు సేపు నిలిచేది తీసుకున్నారు. పాత యూపీఎస్‌కు కొత్త బ్యాటరీ వేయించి మోహనకృష్ణ కంప్యూటర్ ఒక్కదానికే ఉంచారు. ప్రింటర్‌ను నేరుగా గోడ ప్లగ్గులో పెట్టారు.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం కరెంటు పోయింది. ఈశ్వరి ఒక ముసలాయనకు గుండె మందులు ఎలా వేసుకోవాలో చెబుతోంది. ఆమె చేతులు ఆగలేదు. మోహనకృష్ణ తన పని సేవ్ చేసి కంప్యూటర్ కట్టేశాడు. ఫ్యాను ఆగిన గదిలో ఆమె నుదుటి మీద చెమట పట్టడం చూసి, విసనకర్ర తెచ్చి, తాను తెరలో కనిపించకుండా పక్కకు నిలబడి విసరసాగాడు.