గిన్నె వాటా

యాభై అనేస్తే అయిపోతుంది, ఒక్క మాట, పొద్దున బస్సులో కూడా రెండుసార్లు చెప్పించాను, ఎనభై డిగ్రీల నీళ్లు వంద గ్రాములు, ఇరవై డిగ్రీల నీళ్లు వంద గ్రాములు, కలిపితే ఎంత మామయ్యా అంటే కిటికీ వైపు చూస్తూ యాభై అన్నారు, నా మాట తీసెయ్యలేక అన్నట్టు అన్నారు, ఇప్పుడు ఆ గదిలో ముగ్గురు అధికారుల ముందు కుర్చీ అంచున కూర్చున్నారు, తలుపు సగం తీసి ఉంది, వరండాలో బల్ల మీద కూర్చున్న నాకు ఆయన ఎడమ చెయ్యి, ఒక చెప్పు, మేజా మీద ఇనప గిన్నె, ఫ్లాస్కు కనిపిస్తున్నాయి, ఫ్లాస్కు ఎందుకో, నోటి పరీక్షే అన్నారు కదా, ముప్పై ఒక్క ఏళ్లు ఆసుపత్రి బాయిలర్ నడిపిన మనిషి, దుప్పట్లు ఉతికే గదికీ, కత్తెరలు శుభ్రం చేసే గదికీ ఆవిరి పంపిన మనిషి, ఇవాళ వీళ్లు సరే అంటే సర్టిఫికెట్టు, కాదంటే ఒకటో తారీకు నుంచి గేటు దగ్గర కాపలా కుర్చీ, కొత్త నిబంధన, ఆ కాగితం నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకుని వచ్చి వంటింటి గుమ్మంలో నిలబడ్డారు ఆ రోజు, అమ్మాయ్, కాలేజీలో పిల్లలకు చెప్పేదేదో నాకూ చెప్తావా అన్నారు, నాకు ముందు భయం వేసింది, ఆ తర్వాత గర్వం, రెండోది ఎవరికీ చెప్పలేదు.

మూడు నెలలు, సాయంత్రం ఆరు నుంచి ఏడు, భోజనాల బల్ల దగ్గర, ఆయన కళ్లజోడు తుడుచుకుని నోటు పుస్తకం తెరిచేవారు, అత్తయ్య చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ నేను ముప్పై ఏళ్లు చెప్తే ఈయన చెవికి ఒక్క ముక్క ఎక్కలేదు, నీ మాట ఎలా ఎక్కుతుందే అనేది, ఎక్కింది, చలి ఎక్కడికీ పోదు మామయ్యా, వేడే పోతుంది, ఎక్కువ ఉన్నచోటి నుంచి తక్కువ ఉన్నచోటికి అంటే, మరి తలుపు తీస్తే చలి వస్తోంది వెయ్యి అంటుందిగా మీ అత్తయ్య, మొన్నటిదాకా అబద్ధమాడిందన్నమాట అని రాసుకున్నారు, పోయిన వేడికి మైనస్ గుర్తు పెట్టాలంటే ఒప్పుకోలేదు, పోయిందే పోయింది, మళ్లీ మైనస్ ఎందుకమ్మా పుండు మీద కారంలా అన్నారు, గ్రాము ఆవిరి నూరు డిగ్రీల దగ్గరే నీరైతే ఐదు వందల నలభై కేలరీలు వదులుతుంది, అందుకే మరిగే నీళ్లకన్నా ఆవిరి ఎక్కువ కాలుస్తుంది అన్న రోజు మాత్రం చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి కింద మచ్చ చూపించారు, జానెడు మచ్చ, నేను కాపురానికి వచ్చినప్పటి నుంచీ చూస్తున్నదే, అయితే ఇది ఐదు వందల నలభై అన్నమాట, ఇన్నాళ్లూ లెక్క తెలియకుండా మోశాను అన్నారు, మర్నాడు కాలేజీలో గుప్తోష్ణం చెబుతూ ఆ మచ్చ సంగతి చెప్పాను, అరవై మందీ తలలెత్తారు, మా మామగారు అన్నాను, మా విద్యార్థి అనాలనిపించింది.

ఒక్కటే పేచీ, గిన్నె దగ్గర, ఓ ఆదివారం వంటింట్లో చేసి చూపిద్దామని స్టీలు మగ్గులో చన్నీళ్లు పోసి, వేణ్ణీళ్లు కలిపి, కాలేజీ థర్మామీటరు పెట్టాను, నలభై ఎనిమిది, యాభై రావాలి మామయ్యా, రెండు డిగ్రీలు ప్రయోగదోషం అన్నాను, దోషం కాదమ్మాయ్, మగ్గు తినేసింది, గిన్నె ఊరికే ఉంటుందా, దాని వాటా అది తీసుకోదూ, చలికాలం బాయిలర్ రాజేస్తే ముందు ఇనుము తాగుతుంది, గొట్టాలు తాగుతాయి, తర్వాతే నీళ్లకు, ఆ గంటన్నర నేను ఏ పుస్తకానికి చెప్పుకోను అన్నారు, నిజమే, నాకు తెలియనిదా, పెద్ద క్లాసులకు నేనే చెప్తాను, కానీ మొదటి ఏడాది ప్రశ్నలో ఎప్పుడూ ఒక వాక్యం ఉంటుంది, పాత్ర గ్రహించిన ఉష్ణాన్ని ఉపేక్షించండి అని, తొమ్మిదేళ్లుగా నల్లబల్ల మీద రాస్తున్నాను, పరీక్షలో గిన్నె లేదనుకోండి మామయ్యా, యాభై అనండి, వాళ్లకు కావలసింది అదే అన్నాను, ఆయన మగ్గు తిప్పి చూసి, ఎదురుగా ఉన్నదాన్ని లేదనుకోవడం నాకు కొత్త, నువ్వు చెప్పావు కాబట్టి అలాగే అన్నారు.

అడుగుతున్నారు, అదే ప్రశ్న, నడుమ కూర్చున్న పెద్దాయన గొంతు, ఎనభైలో వంద, ఇరవైలో వంద, కలిపితే ఎంత, పాత్రను ఉపేక్షించమని అనలేదు, మర్చిపోయారా, కావాలనే అనలేదా, యాభై అనండి మామయ్యా, ఇంకా రెండేళ్ల సర్వీసు ఉంది, గేటు దగ్గర కుర్చీలో మిమ్మల్ని నేను చూడలేను, ఎడమ చెయ్యి కదలడం లేదు, ఏ గిన్నెలో సార్ అన్నారు, అయిపోయింది, ఎవరో నవ్వారు, గిన్నెతో మీకేం పని, నీళ్ల సంగతి చెప్పండి, నీళ్లు గాల్లో నిలబడవు కదా సార్ అన్నారు మామయ్య, నా ముందు పరాచికాలాడే గొంతుతోనే, కుర్చీ జరిగిన చప్పుడు, పెద్దాయన ఇనప గిన్నె ఇటు తోసి దీంట్లో అనుకోండి అన్నారు, మామయ్య దాన్ని అరచేతిలో పెట్టుకుని రెండుసార్లు ఎగరేశారు, కూరగాయలవాడి దగ్గర సొరకాయ ఎగరేసినట్టే, మూడు వందల గ్రాములుంటుంది సార్, ఇనుము నీళ్లలో పదో వంతు వేడే తాగుతుంది, దీనికి ముప్పై గ్రాముల నీళ్లంత ఆకలి, ఇందులో చన్నీళ్లుండగా వేడివి పోస్తే నలభై ఆరు దాటదు, తలుపు తీసి ఉంది, ఇంకాస్త తగ్గొచ్చు, ఫ్లాస్కు మూత తీశారు, నీళ్లు పోసిన చప్పుడు, నేను లేచి నిలబడ్డానని నాకే తెలియలేదు, మూడో అధికారి గిన్నెలో థర్మామీటరు పెట్టి వంగి నలభై ఐదున్నర అని చదివాడు, మళ్లీ చదివాడు.

పెద్దాయన కాగితం మీద సంతకం పెడుతూ పొద్దుటి నుంచి పద్దెనిమిది మంది వచ్చారు, అందరూ యాభై అన్నారు, గిన్నె ఏదని అడిగింది మీరొక్కరే, ఎవరు నేర్పారండీ అన్నారు, మామయ్య తలుపు వైపు చెయ్యి చూపించారు, మా కోడలు సార్, కెమిస్ట్రీ లెక్చరర్, దగ్గర కూర్చోబెట్టుకుని చెప్పింది, ముగ్గురూ నా వైపు చూశారు, కాదండీ, నేను యాభై అనమన్నాను అనాల్సింది, నమస్కారం పెట్టాను, ఆయన బయటికి వచ్చారు, సర్టిఫికెట్టు నాలుగు మడతలు పెట్టబోతుంటే వద్దు మామయ్యా అని తీసుకున్నాను, అమ్మాయ్, కోప్పడకు, గిన్నె ఎదురుగా పెట్టారు, యాభై అనడానికి నోరు రాలేదు అన్నారు, పొద్దున నా విద్యార్థి పరీక్షకు వెళ్తున్నాడని గర్వపడుతూ బస్సెక్కాను, ఇప్పుడూ గర్వమే, అంతకు పదింతలు, అయితే ఇది గురువు గర్వం కాదు, ఈయన కోడలిని అన్న గర్వం, రేపు మొదటి గంట, మొదటి ఏడాది పిల్లలు, కొత్త పాఠం, నల్లబల్ల మీద ఆ వాక్యం రాయను, థర్మామీటర్లు పక్కన పెట్టించి, త్రాసు తెప్పించి, ముందు గిన్నెను తూచండి అంటాను.