ఢిల్లీ పెట్టె

కుప్పయ్య పంచాయతీ మిద్దె మీద డిష్షును తడిగుడ్డతో తుడుస్తున్నాడు. అటెండరుగా ఇరవై ఆరేళ్ళు. పుల్లల్లాంటి కాళ్ళు, అరిగిన చెప్పులు, జేబుకు పిన్నీసుతో గుచ్చిన టీవీ గది తాళంచెవి. ఆ తాళంచెవి చేతికొచ్చాకే అతను మనుషులతో గొంతు పెంచి మాట్లాడటం నేర్చుకున్నాడు.

పుత్తూరుకు ఇవతలున్న ఆ ఊరికి సర్కారు టీవీ ఇచ్చింది. ఉపగ్రహం నుంచి ఢిల్లీ కార్యక్రమాలు వస్తాయి. హిందీ తెలిసినవాడు ఊళ్ళో ఒక్కడూ లేడు; అరవమైతే అందరికీ వచ్చు. కుర్రాళ్ళు చందాలేసుకుని మద్రాసు స్టేషను కోసం యాంటెన్నా నిలబెడితే, పై ఆఫీసు నుంచి కాగితం వచ్చింది: సర్కారు సెట్టులో వేరే స్టేషను పెడితే సెట్టు వెనక్కి తీసుకుంటాం. ఊరి మొహం చూడనివాళ్ళకు ఊరివాళ్ళు ఏం చూడాలో తెలిసిపోయింది మరి! కుప్పయ్య ఆ కాగితం గోడకంటించి, యాంటెన్నా తీగ పీకి, ఇంట్లో అటకమీద దాచాడు. అతని జన్మలో ఘనకార్యమంటూ ఉంటే అదొక్కటే.

ప్రెసిడెంటు జయరావు మిద్దెమీద నలభై అడుగుల పైపుకు యాంటెన్నా ఉంది. సొంత సెట్టుకు ఆ రూలు వర్తించదు.

మధ్యాహ్నం అన్నం పెడుతూ పెళ్ళాం దేవకమ్మ అడిగింది. ఆమె పుట్టిల్లు అరవదేశంలోని తిరుత్తణి. గుండెజబ్బుతో కాళ్ళు వాచిపోయాయి. ఇక మందులు దండగని డాక్టరు చెప్పేశాడు.

"ఈ పొద్దు మద్రాసులో సినిమా ఉండాది. ఒక్క దినం పెట్టయ్యా. మళ్ళా ఆదివారానికి నేనుంటానో లేదో."

"ఆఫీసరొచ్చే దినం. నా ఉద్యోగం పోగొడతావా? గమ్మునుండు మే."

పొద్దున్నే గోనెపట్టా పరిచి చోటు పట్టుకోవడం అక్కడి అలవాటు. ముందు వరసలో, గోడవారగా దేవకమ్మ పట్టా. సాయంత్రం ఆయాసపడుతూ వచ్చి కూర్చుంది.

ఆఫీసరు వచ్చాడు. సెట్టు వెనకాల తొంగిచూసి, పుస్తకంలో తృప్తికరమని రాశాడు. కుప్పయ్య నడుం విరిగేలా వంగాడు.

"సినిమా మొదలైపోయుంటుందయ్యా," అంటూ ఆఫీసరు ప్రెసిడెంటు ఇంటికి బయలుదేరాడు. కుర్చీ మోసుకెళ్ళి వేసివచ్చింది కుప్పయ్యే. సిగ్గన్నది అతని దరిదాపులకు రాలేదు.

గదిలో ఢిల్లీ పెద్దమనిషి హిందీలో ఎరువుల గురించి చెబుతున్నాడు. వీధవతల నుంచి అరవపాట వినిపించింది.

"అది మద్రాసుదే కదయ్యా? ఆఫీసరే సూస్తా ఉండాడే," అంది దేవకమ్మ.

"ఆయన సూస్తాడు. మనకు రూలుండాది."

ఆమె గోడకు తలానించి, చెవి అటువైపు పెట్టింది.

కార్యక్రమం అయిపోయి జనం పట్టాలు చుట్టుకుని వెళ్ళారు. కుప్పయ్య సెట్టు ఆపి, "లెయ్ మే, పోదాం," అన్నాడు. లేవలేదు. భుజం తట్టాడు. పక్కకు ఒరిగిపోయింది.

నలుగురొచ్చి ఆమెను ఇంటికి మోసుకెళ్ళారు. కుప్పయ్య మాత్రం ఆగాడు, గదికి తాళం వేయాలి గనక. మిగిలిన పట్టాను ఎత్తాడు.

కింద యాంటెన్నా తీగ చుట్ట ఉంది. ఆ వాచిన కాళ్ళతో ఆమె అటకెలా ఎక్కిందో. రెండు కొనలా పైతోలు ఒలిచి, బిగించడమే తరువాయిగా, రాగి మెరిసేట్టు గీకి ఉంది.