కవరులోంచి తీసేసిన కాగితం

ఓనరు వేణుమాధవ్ ఆ కాగితాన్ని రిపోర్టు కవరులోంచి లాగి టేబుల్ మీద పడేయగానే హేబ్సిబాకు అరికాలి మంట నెత్తికెక్కింది. బీదర్‌లోని ఆ స్కానింగ్ సెంటర్లో పదకొండేళ్లుగా ఎంఆర్ఐ తీస్తోంది. అతని సతాయింపులు ఆమెకు కొత్త కాదు. కానీ ఇది సతాయింపా? ఒక మనిషి ప్రాణంతో చెలగాటం!

“సర్జన్ సాబ్ రాసింది మామూలు స్కాన్. గదే ఇయ్యి. ఎక్కువ తెలివి మనకెందుకు?” అన్నాడు.

“నా తెలివి కాదు సార్. మన స్కాన్లు చదివే హైదరాబాద్ డాక్టరమ్మనే బొమ్మలు చూసి, ఇంకో రెండు స్కాన్లు తియ్యమని ఫోన్ చేసింది. గా రిపోర్ట్ పంపింది గూడ ఆమెనే.”

గడ్డ ఎంత రక్తం లాగుతోందో చూపేది ఒకటి, గడ్డలో ఏ రసాయనాలున్నాయో పట్టేది ఇంకొకటి. కమఠాణ ఊరి అంగన్‌వాడీ టీచర్ విజయమ్మ తలలో ఉన్నది సర్జన్ అనుకున్న గడ్డ కాకపోవచ్చని, లింఫోమా అనే అరుదైన క్యాన్సర్‌లా ఉందని ఆ రెండూ చెబుతున్నాయి. అదే అయితే పుర్రె తెరిచి గడ్డంతా కోసేయక్కర్లేదు. సూదితో చిన్న ముక్క తీసి తేల్చుకుని, మందులతో కరిగించాలి. కోస్తే కుడిచెయ్యీ, మాటా పడిపోవచ్చు. సర్జనేమో నిన్న ఫిల్ములు చూసి, రేపు పొద్దున్నే ఆపరేషన్ అనేశాడు.

“ఆయనకు ఎదురు రాస్తే మనకు పేషెంట్లను పంపుతడా?”

ఓహో, అదా సంగతి! సిగ్గుండాలి. హేబ్సిబా కాగితం చేతికి తీసుకుంది.

“ఇది గామె కాగితం సార్. మీదీ కాదు, నాదీ కాదు.”

సాయంత్రం ఆసుపత్రికి వెళ్లేసరికి విజయమ్మ గుండుతో మంచం మీద కూర్చుని ఉంది. సర్జన్ పక్కనే నిలబడి, ఆపరేషన్ ఒప్పుకోలు ఫారం మీద సంతకం ఎక్కడ చేయాలో చూపిస్తున్నాడు. హేబ్సిబా ఇచ్చిన కాగితం సగం చదివి మొహం చిట్లించాడు.

“టెక్నీషియన్‌వి, నువ్వొచ్చి నాకు చెప్తవా?”

“నేను చెప్తలేను సార్, స్కాన్ చెప్తాంది.”

“స్కాన్ చెప్పిందల్లా నిజమైతదా? తెరిచి చూస్తే తెలుస్తది.”

“గందుకే గద సార్, ముందుగాల సూదితోని చూడమన్నరు!”

“ఏందమ్మా అది? నాకు సమజయ్యేటట్టు చెప్పు,” అంది విజయమ్మ.

హేబ్సిబా మంచం అంచున కూర్చుని ఒక్క ముక్కా దాచకుండా చెప్పింది. అది ఇంకా అనుమానమేనని, సూది పరీక్షతోనే తేలుతుందని కూడా చెప్పింది. విజయమ్మ అంతా విని, గుండు మీద చెయ్యి పెట్టుకుంది.

“పొద్దుగాల సంది నా తలకాయ సంగతి స్కానోళ్లకు ఎరుక, హైదరాబాదుల ఎరుక. నాకొక్కదానికే ఎరుక లేదు! గుండు గూడ చేసేస్తిరి!”

“అమ్మా, నీ మంచికే...” అన్నాడు సర్జన్.

“తెరిచి చూసేటందుకు ఇది బట్టల సందూకనా సార్? ముందు సూది పరీక్ష చెయ్యుర్రి. అందాంక నేను సంతకం పెట్ట.”