గని కప్పు పలికిన స్వరం

ఆ ఆదివారం సాయంత్రం మా బొగ్గుగని కాలనీ చర్చిలో హాజరైనవారు, వారు నిలిచిన క్రమం ఇది. వేదికకు ఎడమవైపు మొదటి వరుసలో హెచ్చు స్వరం పాడే సొప్రానో స్త్రీలు ఆరుగురు, వారి వెనుక తగ్గు స్వరం పాడే ఆల్టో స్త్రీలు నలుగురు. కుడివైపు పురుషుల్లో పై స్వరం పాడే టెనర్లు ముగ్గురు, మంద్రస్వరం పాడే బాస్ గాయకులు అయిదుగురు. మధ్యన హార్మోనియం ముందు, ఆనాడు పాడిన రిక్వియంను రచించి స్వరపరచిన కుమారి నవత. ఆమె పక్కన ఇనుప చువ్వ పట్టుకొని సారయ్య. సారయ్యకు ఎదురుగా, సిద్కియా రాజు మాటలు చదవవలసిన నేను, రాజేశం, సంఘపెద్దను, గనిలో పనివారి షిఫ్టును నడిపిన విశ్రాంత ఓవర్‌మన్‌ను. సభలో ముందు బెంచీల మీద గంగయ్య, పర్శరాములు, లింగమూర్తి కుటుంబాలు. చిట్టచివరి బెంచీలో, తలుపు పక్కన, నవత తల్లి గంగుబాయి.

ఇంత ఖచ్చితంగా రాయడానికి కారణం ఉంది. ఆ కుటుంబాలు ముందు, గంగుబాయి వెనుక కూర్చోవడం ఎవరో పెట్టిన ఏర్పాటు కాదు. నేను పలికిన ఒక్క మాట వల్ల అది ఇరవయ్యారేళ్ళుగా అలాగే సాగింది.

రిక్వియం అంటే మృతుల విశ్రాంతిని కోరి పాడే బృందగానం. ఇరవయ్యారేళ్ళ క్రితం మా గనిలో కప్పు కూలి గంగయ్య, పర్శరాములు, లింగమూర్తి, అంతయ్య మరణించారు. ఆ అంతయ్య కూతురే నవత. అప్పుడామెకు నాలుగేళ్ళు, ఇప్పుడు కరీంనగర్‌లో సంగీతం నేర్పుతున్నది. మృతుల ప్రార్థనల నడుమ ఆమె యిర్మీయా ప్రవక్త కథను అల్లింది. రానున్న ఆపదను చెప్పినందుకు అధిపతులు యిర్మీయాపై కోపగిస్తారు. సిద్కియా రాజు వారికి భయపడి, అతడు మీ చేతుల్లోనే ఉన్నాడు, నేను అడ్డు రాలేను అంటాడు. వారు ప్రవక్తను బురదగోతిలోకి దించుతారు. ఎబెద్మెలెకు అనే పరదేశి రాజును ఒప్పించి, తాళ్ళు చంకలను కోయకుండా పాతగుడ్డలు కూడా అందించి, అతణ్ణి పైకి తీస్తాడు. ఆ పరదేశి మాటలను నవత సారయ్యకు ఇచ్చింది. ఆ కప్పు కూలిన రోజున ప్రాణంతో బయటపడినవాడు సారయ్య ఒక్కడే.

"పాటల చువ్వెందుకు బిడ్డా?" అని మొదటి సాధనలోనే అడిగాడు సారయ్య.

"రూఫ్ కొట్టి చూసినట్టు కొట్టాలె పెద్దబాపూ. రాజు ప్రవక్త మాట ఇన్నంతసేపు బండ మీద కొట్టు, ఖంగుమంటది. గోతిల దించేటప్పుడు గోనెసంచి కప్పిన బల్ల మీద కొట్టు, డొల్ల పలుకుతది."

"గా డొల్ల సప్పుడింటె నాకు పాట కాదు, పంచె తడుస్తది."

ఆల్టోలు ఫక్కున నవ్వారు. మందిరంలో మర్యాద పాటించవలసిందిగా నేను సారయ్యను హెచ్చరించాను.

"సారు ఇంట్ల గుడ్క బైబిల్ లెక్కనే మాట్లాడుతడు. రాజు పాత్ర ఊకెనే ఇయ్యలేదు" అన్నాడు సారయ్య.

వారు మళ్ళీ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ డొల్ల చప్పుడు నాకు తెలుసు. గనిలో కప్పును పరీక్షించే పద్ధతి ఒకటుంది. ఒక చేతి వేళ్ళు కప్పుకు ఆనించి, రెండో చేతిలోని చువ్వతో కొట్టాలి. కప్పు గట్టిదైతే ఖంగున మోగుతుంది, వేళ్ళు కదలవు. పైపొర విడిపోయి ఉంటే శబ్దం బొంగురుపోతుంది, వేళ్ళ కింద వణుకు తెలుస్తుంది. కప్పు కింద ఆధారంగా చెక్కలు నిలిపే అంతయ్యకు చేతివేళ్ళు అక్కరలేదు. చెవి చాలు. సంతలో కుండ కొన్నా, ఎవరింట్లో కొత్త గోడ చూసినా, వేలి ముడితో కొట్టి వినేవాడు. మా గాయక బృందంలో బాస్ కూడా ఆయనే. బృందానికి నాయకుణ్ణి నేను.

ప్రమాదానికి ముందురోజు ఆదివారం. ఆరాధన మధ్యలో అంతయ్య ఒక స్వరాన్ని హార్మోనియం కంటె కొంచెం పైన పట్టాడు. నేను పాట ఆపించి, సంఘమంతా చూస్తుండగా సరిదిద్దాను.

"నా గొంతు సరిగనే ఉన్నది సారూ. పెట్టెల గా రీడు దిగింది" అన్నాడాయన.

సంఘంలో కొందరు నవ్వారు. ఆ నవ్వు హార్మోనియం మీదనో, నా మీదనో నాకు తెలియలేదు. నా మీదనే అనుకున్నాను.

మరునాడు మొదటి షిఫ్టులో, తక్కినవారికి దూరంగా నన్ను పక్కకు పిలిచి ఆయన చెప్పాడు. "సారూ, మూడో గ్యాలరీ రూఫ్ గొంతు మారింది. జర మందిని ఆపుండ్రి. నేను చెక్కలు పెంచినంక పంపుండ్రి."

బొగ్గు తవ్వే ఆ సొరంగానికి వెళ్ళి కప్పు కొట్టి చూడవలసిన బాధ్యత నాది. నేను వెళ్ళలేదు. "నిన్న హార్మోనియం తప్పన్నావు, నేడు కప్పు తప్పంటున్నావు. లోకమంతా అపస్వరం, నీవొక్కడివే సరియా?" అన్నాను.

"పెట్టె తప్పితె పాట చెడుతది సారూ. గిది తప్పితె మంది పోతరు."

కప్పు క్షేమమని తనిఖీ పుస్తకంలో రాసి సంతకం చేశాను. మనుషులను లోపలికి పంపాను. అంతయ్య నాతో మరి వాదించలేదు. చెక్కలు భుజాన వేసుకొని వారి వెనుకనే వెళ్ళాడు. గంట తిరగక ముందే కప్పు కూలింది. కాలు ఇరుక్కున్న సారయ్యను అంతయ్య ఈడ్చి తెచ్చి బయట వదిలాడు. మిగిలిన ముగ్గురి కోసం మళ్ళీ లోపలికి వెళ్ళాడు. కప్పు రెండోసారి కూలింది.

చెక్కలు పెట్టే మనిషి మీకు ముందుగా ఏమైనా చెప్పాడా అని విచారణాధికారి నన్ను అడిగాడు. లేదన్నాను. ఆ ఒక్క మాటతో, చెక్కలు చాలినన్ని నిలపకపోవడం అంతయ్య నిర్లక్ష్యమని తేలింది. ఆ తరువాత లక్సెట్టిపేట నుంచి వచ్చిన మరమ్మతుదారు హార్మోనియం విప్పి, స్వరం పలికే ఇత్తడి రేకు, ఒక రీడు, పగిలి స్వరం దిగిందని చూపాడు. మార్పించాను. ఎవరికీ చెప్పలేదు. అదే నెలలో గంగుబాయి చర్చిలో వెనుక బెంచీకి మారింది.

ఇక ఈ సంవత్సరం సంగతి. మృతుల పేర్లు గానం చివర చదవాలని నవత కోరింది. సంఘ కమిటీలో గంగయ్య కొడుకు వెంకటేశ్ లేచాడు.

"మా బాపును సంపినోని పేరు మా బాపు పేరు పక్కన సదువుతరా? గట్లయితె మేం రాం."

తక్కిన రెండు కుటుంబాలూ తల ఊపాయి. తలుపు దగ్గర నిలుచున్న గంగుబాయి, "ముగ్గురి పేర్లే సదువు బిడ్డా. లొల్లి వద్దు" అన్నది.

అందరూ నా వైపు చూశారు. నిజం చెప్పవలసిన సమయం అదే. "కుటుంబాల అభీష్టమే సంఘం అభీష్టం. నేను అడ్డు రాలేను" అన్నాను.

నవత కాగితాలు సర్దుకుంటూ, "సారుకు డైలాగు మంచిగనే నోటికొచ్చింది" అన్నది.

ఆమెకు ఏమీ తెలియదు. వేళాకోళమే. కాని ఆ రాత్రీ, తరువాతి రాత్రులూ నాకు నిద్ర లేదు.

ప్రదర్శన నాడు మందిరం నిండింది. సిద్కియా మొదటి మాటలు స్పష్టంగా చదివాను. నా ఉచ్చారణలో దోషం లేదు. సారయ్య గోనెసంచి కప్పిన బల్ల మీద కొట్టాడు. బాస్ గొంతులు ఆ శబ్దం కిందికి దిగి, మృతులకు విశ్రాంతినిమ్మని వేడుకున్నాయి. అప్పుడు సారయ్య నా ఎదుటికి వచ్చి, పరదేశి మాటలు తన భాషలోనే చెప్పాడు.

"రాజా, గా గోతిలున్న మనిషి ఏ తప్పు చెయ్యలే. ఉన్నదున్నట్టు చెప్పిండు. బయటికి తీయనియ్యుండ్రి."

ప్రవక్తను పైకి తీయడానికి ముప్పది మందిని తీసుకొని పొమ్మని, సిద్కియాగా నేను అనుమతి ఇవ్వాలి. గాయకులు ఎదురుచూశారు. నేను మరిచాననుకొని సారయ్య దగ్గరికి వంగి, "ముప్పై మంది సారూ, ముప్పై మంది" అని గుసగుసలాడాడు.

చేతిలోని పాఠం పుస్తకం మూశాను. "అంతయ్య నాకు ముందే చెప్పాడు" అన్నాను. కప్పు సంగతి, హార్మోనియం సంగతి, తనిఖీ పుస్తకంలోని సంతకం, విచారణలో లేదన్న మాట, ఏదీ దాచకుండా చెప్పాను. ఎంతసేపు మాట్లాడానో నాకు తెలియదు.

వెంకటేశ్ నిలబడ్డాడు. "ఇరవయ్యారేండ్లు! గా గంగుబాయి అవ్వతోని ఒక్కనాడు మాట్లాడనియ్యలే మా ఇంట్ల" అని బయటికి నడిచాడు. సారయ్య చేతిలోని చువ్వ కింద పెట్టి, రెండు చేతులతో మొహం కప్పుకున్నాడు.

గంగుబాయి లేచి నిలుచున్నది. ఆమె నన్ను తిట్టి ఉంటే నాకు సులువయ్యేది.

"కూసోన్రి సారూ" అన్నది. "బిడ్డా, పాట ఆపకు. మీ బాపు పేరు సదువు."

నవత బృందం వైపు చేతులు ఎత్తింది. నాలుగు పేర్లూ చదివింది, అంతయ్య పేరు చివర. ఆ పేరును బాస్ గాయకులు అయిదుగురూ ఊపిరి అందినంతసేపు పట్టి ఉంచారు. నేను కూర్చున్నాను.

వెంకటేశ్ నాతో ఇప్పటికీ మాట్లాడడు. అది ఆయన హక్కు. గంగుబాయి నన్ను క్షమించానని చెప్పలేదు, నేను అడగలేదు. సంఘపెద్ద పదవికి రాజీనామా ఇచ్చాను. విచారణ జరిపిన కార్యాలయానికి నా వాంగ్మూలం రిజిస్టర్డ్ పోస్టులో పంపాను. సంఘం తీర్మానాలు రాసే మినిట్స్ పుస్తకంలో చేర్చవలసిందిగా నేను సమర్పించిన వాక్యాలు ఇవి:

"కీర్తిశేషులు అంతయ్య, గనిలో చెక్కలు నిలిపే కార్మికుడు, ఈ సంఘ గాయక బృందంలో బాస్ గాయకుడు, ప్రమాదం జరిగిన ఉదయం మూడవ గ్యాలరీ కప్పును పరీక్షించి, అది కూలనున్నదని ఓవర్‌మన్‌నైన నాకు సకాలంలో తెలియజేశారు. నేను వినలేదు. ఆయన తన విధిని విడువక చెక్కలు మోసుకొని లోపలికి వెళ్ళారు, సారయ్యను ప్రాణాలతో బయటికి తెచ్చారు, మిగిలిన ముగ్గురి కోసం తిరిగి వెళ్ళి మరణించారు. ఆయన పనిలో ఏ లోపమూ లేదు. ఈ కార్యాన్ని నేను, రాజేశం, నా సంతకంతో ధ్రువీకరించి, కృతజ్ఞతాపూర్వకంగా నమోదు చేయిస్తున్నాను."