సుబాంగ్ ఎవరి కూతురు

సెలాకాకు పద్దెనిమిది తరాలు నోటికి వచ్చు. ఎవరికి ఎవరు పుట్టారో, ఎవరు ఏ నది వదిలి ఏ నదికి ఇల్లు మార్చారో తడుముకోకుండా చెప్పేది. ఊరంతా ఒకే కప్పు కింద బతికే, ఇరవై రెండు గదుల ఆ పొడుగింట్లో పెళ్ళి మాట వచ్చిందంటే ముందు వసారాలో ఆమెకు చాప పరిచేవారు. రెండు వైపుల వంశాలూ పైనుంచి కిందికి చెప్పుకుంటూ రావాలి. ఎక్కడైనా కలిస్తే తరాలు లెక్కపెట్టాలి. ఇద్దరూ ఒకే తరం వాళ్ళయితే మంచిదే. ఒకరు ఒక మెట్టు పైనా ఇంకొకరు కిందా అయితే ఆ పెళ్ళి నదికీ పంటకీ చేటు.

ఆ ఏడు వరికోతలయ్యాక ఇంటిపెద్ద మంగాట్ తన కొడుకు ఎన్సాలికి దిగువ నది పిల్ల దయాంగ్‌ను అడిగాడు. మంగాట్ తల్లికి సెలాకా స్వయానా చెల్లెలు. పిల్ల తరఫున వంశం చెప్పడానికి ఆమె తాత జాంటింగ్ పడవెక్కి వచ్చాడు. డెబ్భై దాటిన మనిషి. మెడ మీది పచ్చబొట్టు ముడతల్లో కలిసిపోయింది కానీ నోటి పదును తగ్గలేదు.

"ఏం చెల్లెమ్మా, పళ్ళతోపాటు పేర్లూ ఊడిపోతున్నాయట, నిజమేనా?" అన్నాడు కూర్చుంటూనే.

"నా పళ్ళ సంగతి నీకెందుకన్నయ్యా! నువ్వు మీ తాత పేరు మర్చిపోకుండా చెప్తే అదే పదివేలు."

వసారా అంతా నవ్వింది. సెలాకా పక్కన ఆమె అన్న కూతురు సన్యు నోటుపుస్తకం తెరుచుకుని కూర్చుంది. టౌను ఆసుపత్రిలో నర్సు. రెండేళ్ళుగా సెలవు దొరికినప్పుడల్లా వచ్చి అత్త దగ్గర పేర్లు నేర్చుకుంటోంది.

జాంటింగ్ గొంతెత్తి పద్నాలుగు తరాలు దిగి పెంగి అనే ఆయన దగ్గరికి వచ్చాడు.

"పెంగికి ఇద్దరు. కొడుకు గలావు, కూతురు సుబాంగ్. గలావు మా తాత. సుబాంగ్ ఏడేళ్ళకే పోయింది. వీపుకి బుట్ట తగిలించుకుని కూరాకు కోసుకురావడానికి వాగు దగ్గరికి వెళ్ళింది. మొసలి లాక్కుపోయింది."

అక్కడ ఆగి బియ్యపు కల్లు తువాక్ ఒక గుక్క తాగాడు. ఆ రోజు చెల్లెలికి తోడు వెళ్ళమని తల్లి చెప్పినా గలావు చేపలకు పోయాడట. అందుకని బతికినన్నాళ్ళూ ఆ వాగులో మొసలిని బతకనివ్వలేదు. పదకొండింటిని చంపాడు. చంపినప్పుడల్లా పొట్ట కోసి చూసేవాడు. పిల్ల చేతికి ఇత్తడి కడియం ఉండేది, అది దొరుకుతుందేమోనని.

"చిన్నప్పుడు నేనూ పక్కన నిలబడి చూశాను. కోతి ఎముకలు దొరికాయి, రాళ్ళు దొరికాయి, ఒకసారి ఎవరిదో గిన్నె కూడా దొరికింది. కడియం మాత్రం దొరకలేదు. 'ఇది కాదురా, ఇంకోటి' అనేవాడు."

గిన్నె మాటకు ఎవరో నవ్వారు. సెలాకా నవ్వలేదు. ఆమె నోట్లో వక్క కదలడం మానేసింది.

మంగాట్ వంశంలోనూ ఒక సుబాంగ్ ఉంది. మంగాట్ తండ్రివైపు తాతను కన్నతల్లి. అందరికీ తెలిసినంతవరకు ఆమె ఉంగాంగ్ కూతురు. కానీ సెలాకాకు పేర్లు నేర్పిన తాత ఒకరోజు పొలంలో, చుట్టుపక్కల ఎవరూ లేకుండా చూసి, రెండో మాట కూడా చెప్పాడు. ఉంగాంగ్ దండు దిగువ నది మీద పడి వస్తూ, వాగు ఒడ్డున కూరాకు బుట్టతో నిలబడ్డ పిల్లను పట్టి తెచ్చింది. కొన్నేళ్ళు బానిసగా ఉంచి, తర్వాత కోడిని కోసి అందరి ఎదుటా కూతుర్ని చేసుకున్నారు. ఆ పూటనుంచి పాతమాట ఎత్తకూడదు. ఎత్తితే కట్టుబాటు తప్పినట్టే. "ఇది నాలుక కింద పెట్టుకో. తరాలు లెక్కపెట్టాల్సి వస్తే తప్ప బయటికి తీయకు," అన్నాడు తాత.

సెలాకా ఒళ్ళో చెయ్యి పెట్టుకుని వేళ్ళ మీద లెక్కపెట్టింది. గలావు నుంచి దయాంగ్ నాలుగో తరం. సుబాంగ్ నుంచి ఎన్సాలీ నాలుగో తరమే. చేటు లేదు. చెప్పి తీరాల్సిన అవసరమూ లేదు.

తన వంతు వచ్చినప్పుడు, "ఉంగాంగ్ కూతురు సుబాంగ్," అని సాఫీగా దాటేసింది.

"మీకూ ఓ సుబాంగ్ ఉందే!" అన్నాడు జాంటింగ్.

"ప్రతి నదిలోనూ ఉంటారన్నయ్యా సుబాంగ్‌లు."

వంశాలు కలవలేదని, పెళ్ళికి అడ్డు లేదని తేల్చారు.

మర్నాడు పొద్దున్నే జాంటింగ్ రేవులో మొహం కడుక్కుంటుంటే సెలాకా మెట్లు దిగి వచ్చింది. నీళ్ళ కోసం కాదు, చేతిలో బిందె లేదు.

"అన్నయ్యా, ఒక మాట. విన్నాక కోపం వస్తే నన్ను తిట్టు, పిల్లలిద్దరి మీదా చూపించకు. మీ సుబాంగ్‌ను మొసలి ముట్టుకోలేదు."

ఉన్నదున్నట్టు చెప్పింది. జాంటింగ్ మొహం మీది నీళ్ళు తుడుచుకోలేదు. అతను మొదట అడిగింది దండు గురించి కాదు.

"ఎన్నేళ్ళు బతికింది?"

"మనవల పెళ్ళిళ్ళు చూసింది. తొమ్మిదిమందిని కంది, ఆరుగురు నిలిచారు."

"కడియం?"

"తియ్యనివ్వలేదట. దాంతోనే పాతిపెట్టారు."

నది వైపు తిరిగాడు. "పదకొండు మొసళ్ళు," అన్నాడు. "ఏ పాపం ఎరగనివి పదకొండు." నవ్వబోయాడు, నవ్వు రాలేదు. "మా తాత పోయేముందు కూడా కత్తి నూరి పెట్టమన్నాడు చెల్లెమ్మా. నిన్న నీకు తెలిసీ నోరు మూసుకున్నావు కదూ?"

"మూసుకున్నాను. రాత్రి నిద్ర పట్టలేదు."

"ఇక ఆమెను ఉంగాంగ్ కూతురని చెప్తే నేను ఊరుకోను. మా తాత చెల్లెలు మాకు కావాలి."

ఇద్దరూ కలిసి మంగాట్ గదికి వెళ్ళారు. వింటున్నంతసేపూ మంగాట్ చెవులు ఎర్రబడుతూ వచ్చాయి.

"పెళ్ళి రోజున నన్ను బానిస మునిమనవడని చాటిస్తావా పిన్నీ? ఇన్నాళ్ళూ నా ఉప్పు తిని..."

"నీ ఉప్పు కాదు, నేను పండించుకున్న బియ్యం తిన్నాను. నోరు జాగ్రత్త!"

జాంటింగ్ మధ్యలో కల్పించుకున్నాడు. "అయ్యా, నువ్వు బానిస మునిమనవడివైతే నేను బానిస అన్న మనవణ్ణి. నీకు లేని పరువు నాకెక్కడిది? ఆ మాట నా నోటా రాదు. ఆమెను కన్నవాడి పేరు మాత్రం చెప్పనీ."

మంగాట్ ఒప్పుకోవడానికి రెండు రోజులు పట్టింది. పెళ్ళినాడు జాంటింగ్ లేచి, "పెంగి కన్న బిడ్డ, ఉంగాంగ్ పెంచిన బిడ్డ, సుబాంగ్. ఒక్క మనిషే," అని చెప్పాడు. ముసలివాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. కుర్రకారుకు అందులో వింతేమీ కనిపించలేదు.

సన్యుకు మాత్రం కనిపించింది. ఆ సాయంత్రమే పుస్తకం తెచ్చి కూర్చుంది.

"కన్నవాళ్ళ దగ్గర్నుంచి పెంచినవాళ్ళ దగ్గరికి ఎలా వచ్చిందత్తా?"

"చెప్తాను. రాయకు. నాలుక కింద పెట్టుకో."

"నా వల్ల కాదు. ఏ పిల్లకి ఏ సూది ఎప్పుడెయ్యాలో గుర్తుపెట్టుకోవడానికే నా బుర్ర చాలట్లేదు. రాసుకుంటే ఉంటుంది, లేకపోతే పోతుంది. ఏది కావాలో నువ్వే తేల్చు."

సెలాకా విసుక్కుంది, లేచి వెళ్ళిపోయింది, కోళ్ళను గూట్లోకి తోలి తిరిగి వచ్చింది. "వెనకవైపు పేజీలో రాయి. పెళ్ళిళ్ళకి వంశం చెప్పేటప్పుడు ఆ పేజీ తెరవకు," అంది. సన్యు రాసింది. ఎంత వచ్చిందని అడిగితే ఆరు లైన్లంది. సెలాకా ఆ ఆరు లైన్ల మీదా వేలు ఆనించి చూసింది. ఆమెకు చదువు రాదు.

వెళ్ళేముందు జాంటింగ్ సమాధుల దగ్గరికి తీసుకెళ్ళమన్నాడు. ఊరికే అక్కడికి పోవడం మంచిది కాదు కాబట్టి సెలాకా అంచునే ఆగిపోయి, దూరంగా ఒక దిబ్బ చూపించింది. అదేనని ఆమెకూ గట్టిగా తెలియదు. చనిపోయినవాళ్ళ కోసం పెట్టిన పాత జాడీలు పగిలి, అడవి కమ్ముకుని ఉంది. జాంటింగ్ తీగలు తప్పించుకుంటూ వెళ్ళి, నేల మీద చతికిలబడ్డాడు. ఏడవలేదు, దణ్ణమూ పెట్టలేదు. గొంతు సవరించుకుని గలావు పేరుతో మొదలుపెట్టాడు. గలావుకు ఎవరు పుట్టారు, వాళ్ళకెవరు పుట్టారు, ఎవరు జ్వరంతో పోయారు, ఎవరు చమురు బావుల్లో పనికి పోయి తిరిగొచ్చారు, ఒక్కో పేరే దయాంగ్ దాకా చెప్పాడు. ఒకచోట తప్పు చెప్పి, నాలుక కరుచుకుని, వెనక్కి వెళ్ళి సరిగ్గా చెప్పాడు.

పడవవాడు నదిలో నీళ్ళు తగ్గిపోతున్నాయని కేకేసేదాకా సెలాకా అక్కడే నిలబడి వింది.