రెండు చెలిమెలు

డెబ్బైరెండు కరువులో న్యాల్‌కల్ దిక్కు వాగులో ఇసుక తేలింది. వాగుకు ఈ గట్టు ఆంధ్రప్రదేశ్, ఆ గట్టు మైసూరు రాష్ట్రం. రెండు గట్ల మీదా పచ్చగా ఉన్నది మదన్‌మోహన్ పటేలు చెరకు ఒక్కటే. ఎగువ మడుగులో ఆయన ఇంజన్ పొద్దంతా నీళ్లు గుంజుతుంటే, దిగువన ఆడవాళ్లు ఇసుకలో చెలిమెలు తవ్వి, ఊరిన నీళ్లను చిప్పలతో బిందెలకెత్తుకునేవారు.

సంగమ్మ ఈ గట్టు కోడలు. ఆమె చెల్లెలు శివమ్మ ఆ గట్టు కోడలు. రోజూ ఇసుకలోనే వాళ్ల ముచ్చట్లు.

ఒకనాడు పటేలు ఈ గట్టు ఊళ్లోకి వచ్చాడు. "మన నీళ్లు మైసూరోళ్లు గుంజుకపోతున్నరు. చెలిమె జర లోతుకు తవ్వుండ్రి" అన్నాడు.

మగవాళ్లు రెండు నిలువుల లోతు తవ్వారు. నీళ్లు బాగా ఊరాయి. సంగమ్మ చెంబెడు పక్కకు తీసి, మెడలోని లింగానికి అభిషేకం చేసుకుంది.

"ఏందక్కా, మా చెలిమె ఎండిపాయె. గంగమ్మ మీ ఇంటి ఆడిబిడ్డనా ఏంది?" అని శివమ్మ నవ్వింది.

"మీరు గూడ తవ్వుకోరాదే, సోమరిపోతులు!"

వాళ్లూ తవ్వారు. మూడోనాడు శివమ్మ అడుగున కూర్చుని తోడుతుంటే ఇసుక గోడ కూలింది. రెండు గట్ల జనం చేతులతో తోడారు. ఇసుకలోంచి తీసిన మనిషిని, లింగాయతుల ఆచారం ప్రకారం, మళ్లీ మట్టిలోనే కూర్చోబెట్టి సమాధి చేశారు.

మర్నాడు సంగమ్మ లింగాన్ని అరచేతిలో పెట్టుకుంది. నీళ్లు పోయడానికి చెయ్యి రాలేదు. 'శివా, ఆనాడు నీ మీద పోసింది ఎవ్వలి నీళ్లు? నిన్ను అడగొద్దేమో. అడగకుంట ఎట్లుండాలె?'

ఆ సాయంత్రం రెండు ఊళ్లూ వాగులో ఎదురుపడ్డాయి.

"మీరే సంపిన్రు!" అని ఆ గట్టు బస్వమ్మ అరిచింది.

"మా నీళ్లు మీరు గుంజలే? పటేలే జెప్పిండు" అన్నాడు ఈ గట్టు చెన్నబసప్ప.

శివమ్మ మగడు గురులింగప్ప తలెత్తాడు. "మాకు గూడ పటేలే జెప్పిండు. మీరు గుంజుతున్నరని."

అందరి తలలూ ఎగువకు తిరిగాయి. ఎగువన ఇంజన్ దడదడలాడుతూనే ఉంది.

సంగమ్మ లేచింది. "ఇసుక కింద నీళ్లు ఒక్కటే. మేం లోతుకు వోతే మీది ఎండింది. పైన ఆయన గుంజితే అందరిదీ ఎండింది. నా చెల్లెను నేను గూడ సంపిన. నా పాపం నేను మోస్త. ఆ ఇంజన్ పాపం ఎవ్వలు మోస్తరు?"

తెల్లారి రెండు ఊళ్లూ మడుగులో దిగి, ఇంజన్ పైపును ఎత్తి గట్టున పడేశాయి. మధ్యాహ్నానికి జహీరాబాద్ నుంచి పోలీసు వ్యాను వచ్చింది.

"మైసూరోళ్లు అవతలికి నడువుండ్రి. మీది నా హద్దు కాదు" అని ఇన్‌స్పెక్టర్ ఈ గట్టు వాళ్లనే ఎక్కించసాగాడు. సంగమ్మ అందరికంటే ముందు ఎక్కింది.

గురులింగప్ప వాగు దాటి వచ్చి వ్యాను మెట్టు మీద కాలు పెట్టాడు.

"నీది ఆ రాష్ట్రమయ్యా! దిగు!"

"నా పెండ్లాం మట్టిల ఉన్నది సారూ. ఆమె అక్క నీ బండిల ఉన్నది. నేనెటు పోవాలె?"

అతని వెనక బస్వమ్మ. ఆమె వెనక ఆ గట్టు ఊరంతా. వ్యానులో చోటు చాలలేదు. పట్టని వాళ్లు తిరిగి మడుగు దగ్గరకు నడిచి, పైపు మీద ఒకరి పక్కన ఒకరు కూర్చున్నారు.